ఏరుకున్నది ఎవరి సొత్తు?
ఉత్తరాంధ్ర కథలో పారవేసిన వస్తువు, ఆకలి, నేరభావన

ఉపోద్ఘాతం

దుకాణం వెనుక చెత్తతొట్టెలో పారవేసిన ఆహారాన్ని ఆకలిగొన్న మనిషి తీసుకోవడం నేరమా? ఐరోపా న్యాయస్థానాలలో, చట్టసభలలో ఈ ప్రశ్న ఇటీవల పలుమార్లు చర్చకు వచ్చింది. ప్రశ్న రూపం కొత్తది. దాని లోపలి సమస్య తెలుగు సాహిత్యానికి, ప్రత్యేకించి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన కథకు, కొత్తది కాదు. ఒకరు వదిలివేసినదాన్ని మరొకరు వంగి ఏరుకున్నప్పుడు ఆ వస్తువుపై హక్కు ఎవరిది? వదిలినవాడికి అక్కరలేని వస్తువు, ఏరుకునేవాడి చేతిలో పడగానే మళ్ళీ ‘సొత్తు’ ఎట్లా అవుతుంది?

చాగంటి సోమయాజులు (చాసో) ‘కుంకుడాకు’ కథను కేంద్రంగా చేసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది. చాసో ‘ఎంపు’, కాళీపట్నం రామారావు ‘జీవధార’, ‘చావు’, రాచకొండ విశ్వనాథశాస్త్రి (రావిశాస్త్రి) ‘ఆరు సారా కథలు’, శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ ఇందుకు తోడ్పడే పాఠాలు. ఏరుకోవడం నేరంగా మారడానికి కారణం వస్తువులోగాని, క్రియలోగాని లేదనీ, ఏరుకునే మనిషి సామాజిక స్థానంలో ఉందనీ ఈ పాఠాలు నిరూపిస్తున్నాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

ఒక క్రియ - నాలుగు పేర్లు

వరి కోసి, కుప్ప వేసి, కళ్ళానికి తరలించిన తరువాత మడిలో కొన్ని వెన్నులు మిగిలిపోతాయి. వాటిని ఏరుకోవడాన్ని తెలుగులో ‘పరిగె ఏరుకోవడం’ అంటారు. ఆ పని చేసేవారు సాధారణంగా కూలి కుటుంబాల స్త్రీలు, పిల్లలు, ముసలివారు. పరిగె వ్రాతలో నమోదైన హక్కు కాదు. వాడుక మీద, చేనుగల ఆసామి చూసీ చూడనట్లు పోవడం మీద ఆధారపడిన వెసులుబాటు మాత్రమే.

ఇదే క్రియకు సంస్కృత సంప్రదాయంలో ‘ఉంఛం’ అని పేరు. వెన్నులు ఏరితే శిలం, గింజ గింజగా ఏరితే ఉంఛం. మనుస్మృతి నాలుగవ అధ్యాయం బ్రాహ్మణుని జీవనోపాయాలను చెబుతూ ఈ ఉంఛశిలాన్ని ‘ఋతం’ అన్నది. అంటే ఎవరినీ యాచించకుండా, ఎవరికీ నష్టం కలిగించకుండా బతికే అత్యున్నతమైన పద్ధతి అని భావం. తిక్కన తెలుగులోకి తెచ్చిన పర్వాలలో ఒకటైన అశ్వమేధపర్వానికి మూలంలో సక్తుప్రస్థుని కథ ఉంది. ఉంఛవృత్తితో జీవించే బ్రాహ్మణుడు, అతని భార్య, కొడుకు, కోడలు కరవుకాలంలో దొరికిన కొద్దిపాటి పేలపిండిని కూడా అతిథికి పెట్టివేస్తారు. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిస శరీరం సగం బంగారమవుతుంది. మిగిలిన సగాన్నీ బంగారం చేసుకోవాలని అది ధర్మరాజు అశ్వమేధానికి వస్తుంది. ఆ మహాయాగంలో దాని కోరిక తీరదు. ఏరుకొని తెచ్చిన గింజలలోంచి మళ్ళీ నేల రాలిన పిండికి రాజయాగాన్ని మించిన విలువ కట్టిన కథ ఇది. త్యాగరాజు ఉంఛవృత్తిని అవలంబించాడని చెప్పుకోవడంలోనూ ఈ గౌరవమే ఉంది.

మూడవ పేరు ‘ఎంగిలి’. వస్తువు పొలంలో రాలినది కాక విస్తరిలో మిగిలినదైతే, దాన్ని తీసుకున్న మనిషికి ఈ సంస్కృతి దొంగ అనే పేరు పెట్టదు. అంతకంటె బరువైన అపవిత్రతను అంటగడుతుంది. అయితే ఆపదలో దీనికీ మినహాయింపు ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడు కురుదేశం పంట నాశనమైన కాలంలో ఒకడు తింటున్న కుల్మాషాలను అడిగి, ఎంగిలి అని తెలిసీ తింటాడు. అతడే తాగగా మిగిలిన నీటిని మాత్రం నిరాకరిస్తాడు. అవి తినకపోతే ప్రాణం నిలవదు, నీరు మరెక్కడైనా దొరుకుతుంది అన్నది అతని తర్కం. అవసరం ఎంతవరకో మినహాయింపూ అంతవరకే అన్న సూత్రం ఇంత స్పష్టంగా చెప్పిన పాఠాలు అరుదు.

నాలుగవ పేరు ‘దొంగతనం’. శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణంలో విశ్వామిత్రుడు పన్నెండేళ్ళ అనావృష్టికాలంలో రాత్రివేళ చండాలుని గుడిసెలో కుక్కమాంసం దొంగిలించబోతాడు. గృహస్థు మేల్కొని ధర్మం గుర్తు చేస్తాడు. ఇద్దరి మధ్య సుదీర్ఘ సంవాదం నడుస్తుంది. ప్రాణరక్షణే మొదటి ధర్మమని ఋషి వాదించి, మాంసాన్ని తీసుకువెళతాడు. ఇక్కడ సొత్తుగలవాడు చండాలుడు, దొంగ ఋషి. ఆ దొంగకు దెబ్బలు పడలేదు. వాదించే అవకాశం దొరికింది, ఆ వాదం శాస్త్రంలో భాగమయింది.

ఈ నాలుగు పేర్ల వెనుకా ఉన్నది ఒక్కటే శారీరక క్రియ. ఆకలిగొన్న మనిషి తనది కాని చోట మిగిలివున్న తిండిని తీసుకుంటున్నాడు. బ్రాహ్మణుడు చేస్తే వ్రతం, కూలి చేస్తే వెసులుబాటు, విస్తరి దగ్గర చేస్తే మైల, కామందు కంట పడితే నేరం. పేరును నిర్ణయిస్తున్నది చేసినవారి స్థానమూ, చూసినవారి అధికారమూ.

రాలినది - విడిపడినది: చట్టం భాష

1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 378వ సెక్షన్ చౌర్యానికి ఐదు అంగాలు చెప్పింది. వస్తువు చరాస్తి కావాలి. అది మరొకరి స్వాధీనంలో ఉండాలి. వారి సమ్మతి ఉండకూడదు. తీసుకునేవాడికి దురుద్దేశం ఉండాలి. వస్తువును కదిలించాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో కూడా ఈ నిర్వచనమే కొనసాగింది. ఈ నిర్వచనానికి అనుబంధంగా ఉన్న మొదటి వివరణ సాహిత్య విద్యార్థి గమనించదగినది. భూమికి అంటుకొని ఉన్నంతకాలం వస్తువు చౌర్యానికి లోబడదు. భూమినుంచి విడిపడిన క్షణం నుంచి దొంగిలించదగిన వస్తువు అవుతుంది. అంటే చట్టం దృష్టిలో ‘విడిపడటం’ అనేది వస్తువుకు చోరయోగ్యత కలిగించే ఘట్టం.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే వాదన 1842లో జర్మనీలో వచ్చింది. రైన్ ప్రాంతపు చట్టసభ అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కలప దొంగతనంతో సమానం చేయబోయినప్పుడు, యువకుడైన కార్ల్ మార్క్స్ ‘రైనిష్ జైటుంగ్’ పత్రికలో ఆ చర్చను విమర్శించాడు. పాముకు విడిచిన కుబుసంతో ఉన్న సంబంధం ఎంతో, చెట్టుకు రాలిన పుల్లతో ఉన్న సంబంధమూ అంతేనన్నది అతని తర్కం. విడిపడటం యాజమాన్యానికి ముగింపు కావాలన్నది మార్క్స్ వాదన కాగా, విడిపడటమే చౌర్యానికి ఆరంభమన్నది శిక్షాస్మృతి నిర్వచనం. అంతకుముందే, 1788లో, ‘స్టీల్ వర్సెస్ హౌటన్’ వ్యాజ్యంలో ఇంగ్లండు న్యాయస్థానం పరిగె ఏరుకోవడం సామాన్య న్యాయం ప్రకారం పేదల హక్కు కాదని తేల్చింది. భారతీయ శిక్షాస్మృతిని రూపొందించిన పాలకుల న్యాయసంప్రదాయం ఇదే.

అయితే చట్టంలోనే మరొక దారి కూడా ఉంది. స్వాధీనంలో లేని వస్తువు చౌర్యానికి విషయం కాదు. యజమాని పూర్తిగా వదులుకున్న వస్తువు ఎవరి స్వాధీనంలోనూ లేదు. సామాన్య బుద్ధి గలవారు ఫిర్యాదు చేయనంత స్వల్ప హాని నేరం కాదని పాత స్మృతి 95వ సెక్షన్, కొత్త సంహిత 33వ సెక్షన్ చెబుతున్నాయి. ఐదువేల రూపాయలకు లోపు విలువగల వస్తువును మొదటిసారి దొంగిలించినవాడు ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చివేస్తే, సామాజిక సేవను శిక్షగా విధించే పద్ధతిని కొత్త సంహిత ప్రవేశపెట్టింది. కనుక చట్టపాఠం కంటె అసలు సమస్య ఇంకో చోట ఉంది. వస్తువు ‘వదిలివేయబడిందా, లేదా’ అని తేల్చేది ఎవరు? ఈ ప్రశ్నకు చట్టం మౌనం వహించిన చోట కథ మాట్లాడుతుంది.

‘కుంకుడాకు’: విలువలేని వస్తువుకు కావలి

1915లో శ్రీకాకుళంలో పుట్టి, విజయనగరంలో స్థిరపడిన చాసో 1940 దశకంలో వ్రాసిన కథ ‘కుంకుడాకు’. గవిరి అనే పేదింటి పిల్ల రాలిన ఆకు ఏరుకోవడానికి వెళ్ళడం, కామందు చేతిలో దెబ్బలు తినడం - కథాంశాన్ని ఇంత క్లుప్తంగా చెప్పవచ్చు. కథాశిల్పంలోని బలం ఈ క్లుప్తతలోనే ఉంది.

మొదట శీర్షికను గమనించాలి. కుంకుడుకాయకు ధర ఉంది, సంతలో అమ్ముడవుతుంది. కుంకుడాకుకు ధర లేదు. చెట్టుకింద రాలి, ఎండి, పొయ్యిలో మంటకు తప్ప ఎందుకూ పనికిరాదు. చాసో విలువగల కాయను వదిలి విలువలేని ఆకును శీర్షిక చేశాడు. దీనివల్ల కామందుకు నష్టమేమిటన్న వాదన మొదటే మూతపడుతుంది. నష్టం లేదు. అయినా దండన ఉంది. నష్టం లేని చోట దండన దేనికోసం అన్నదే కథ పాఠకుని ముందు నిలిపే ప్రశ్న.

రెండవది, ఏరుకునే మనిషి పిల్ల కావడం. బడికి పోవలసిన వయసులో ఆకు ఏరుతున్న పిల్లకు ఆస్తి అనే భావన పెద్దల మాటల ద్వారా కాక దెబ్బల ద్వారా పరిచయమవుతుంది. చెట్టు ఎవరిదో ఆమెకు తెలియవచ్చు. రాలిన ఆకు కూడా ఆ చెట్టుగలవాడిదేనని ఆమెకు తెలియజేసేది కామందు చెయ్యి. రాలిన ఆకుకూ, పడివున్న పుల్లకూ, నిలిచివున్న కొమ్మకూ మధ్య గీత ఎక్కడ పడుతుందో నిర్ణయించే అధికారం అతనిదే. అతడు ఫిర్యాదీ, సాక్షి, న్యాయాధికారి, దండనాధికారి కూడా. విశ్వామిత్రునికి దొరికిన సంవాదం గవిరికి దొరకదు.

మూడవది, ఆకు ఏరుకోవడంలోని ఆహారసంబంధం. ఆకు తిండి కాదు. కాని తిండి వండడానికి మంట కావాలి, మంటకు ఆకు కావాలి. ఇంట్లో గంజి కాగాలన్నా, చోడి అంబలి ఉడకాలన్నా పొయ్యిలో ఏదో ఒకటి పడాలి. ఆకును ఆపడం అంటే పొయ్యిని ఆపడం. ఆకలిని ప్రస్తావించకుండానే ఆకలి కథ చెప్పడానికి చాసోకు ఈ వస్తువు ఉపయోగపడింది.

ఈ మూడు అంశాలనూ కలిపి చూస్తే ‘కుంకుడాకు’ ఒక సూత్రాన్ని ఆవిష్కరిస్తున్నది. వదిలివేసిన వస్తువుపై యాజమాన్యం నిద్రాణంగా ఉంటుంది. పేదవాడు దానివైపు చెయ్యి చాచినప్పుడు మాత్రమే అది మేల్కొంటుంది. ఆకును గాలి ఎగరగొట్టుకుపోతే, నేలలో కుళ్ళిపోతే కామందు యజమాని కాడు. గవిరి తట్టలో పడినప్పుడే అతడు యజమాని అవుతాడు.

దుకాణం తొట్టె - చెట్టు నీడ

ఈ సూత్రాన్ని దుకాణపు చెత్తతొట్టెకు అన్వయించి చూడవచ్చు. జర్మనీలో ఓల్షింగ్ అనే చోట ఇద్దరు విద్యార్థినులు ఒక సూపర్‌మార్కెట్ తాళం వేసిన తొట్టె నుంచి పారవేసిన ఆహారం తీసుకున్నారు. 2019లో స్థానిక న్యాయస్థానం వారిని దోషులుగా తేల్చి, జరిమానాను వాయిదాలో ఉంచి, ఎనిమిది గంటల సేవ విధించింది. పేదలకు మిగులు ఆహారం పంచే సంస్థలోనే ఆ సేవ చేయమనడం తీర్పులోని వైచిత్రి. తొట్టెలో ఉన్నది చెత్త తరలించే సంస్థకు అప్పగించడానికి ఉంచినది కనుక యజమాని దాన్ని వదులుకోలేదన్నది తర్కం. 2020లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఈ శిక్ష రాజ్యాంగవిరుద్ధం కాదని నిర్ణయించింది. ఇక్కడ నాశనం చేసే హక్కు కూడా ఆస్తిహక్కులో భాగమయింది. కామందు ఆకు విషయంలో చూపిన యాజమాన్యమే చట్టభాష ధరించి కనిపిస్తుంది.

2016లో ఇటలీ అత్యున్నత అప్పీలు న్యాయస్థానం భిన్నంగా ఆలోచించింది. జెనోవాలో నాలుగు యూరోల విలువైన జున్ను, సాసేజీలు దొంగిలించిన నిరాశ్రయునికి పడిన శిక్షను, తక్షణమైన ఆకలి తీర్చుకోవడానికి కొద్దిపాటి ఆహారం తీసుకోవడం నేరం కాదంటూ కొట్టివేసింది. అవి పారవేసినవి కూడా కావు, అమ్మకానికి ఉన్నవి. ఉషస్తి తర్కానికి ఇది దగ్గరి బంధువు. అదే సంవత్సరం ఫ్రాన్స్ ప్రశ్న దిశనే మార్చింది. పెద్ద దుకాణాలు అమ్ముడుపోని, తినదగిన ఆహారాన్ని నాశనం చేయడాన్ని నిషేధించి, స్వచ్ఛంద సంస్థలతో దానానికి ఒప్పందం చేసుకోవాలని శాసించింది. ఏరుకున్నవాడిని కాక పారవేసినవాడిని ప్రశ్నించిన చట్టమిది.

భారతదేశంలో ఈ మార్పుకు ఉత్తరాంధ్ర నుంచే ఉదాహరణ చూపవచ్చు. 1882 మద్రాసు అటవీ చట్టం నాటినుంచి ఏజెన్సీ అడవులలో పుల్ల, ఆకు, కాయ ఏరుకోవడం అధికారుల అనుమతికి లోబడిన వ్యవహారం. 2006 అటవీ హక్కుల చట్టం ఆ చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై - కంప, మొద్దులు, తునికాకు సహా - సేకరించేవారికే యాజమాన్య హక్కు ఇచ్చింది. సీతంపేట కొండలలో ఆకు ఏరుకునే గిరిజన స్త్రీ చట్టం దృష్టిలో ఇప్పుడు హక్కుదారు. ఆకు మారలేదు, ఏరడం మారలేదు. మనిషిని చూసే చూపు మారింది. పల్లంలోని గవిరికి ఆ మార్పు అందలేదు.

అడగడం, ఏరుకోవడం, తీసుకోవడం

ఏరుకోవడం అనేది యాచనకూ, బలవంతపు స్వీకరణకూ మధ్యనున్న మెట్టు. ఉత్తరాంధ్ర కథ ఈ మూడు మెట్లనూ చిత్రించింది.

చాసో ‘ఎంపు’లో బిచ్చగాళ్ళ లోకం ఉంది. కూతురు కుంటివాడిని ఇష్టపడితే, తండ్రి గుడ్డివాడిని చేసుకోమంటాడు. గుడ్డివాడికి అడుక్కునే రాబడి ఎక్కువ. దాత సమ్మతి మీద బతికే జీవితంలో జాలి కూడా లెక్కకు వచ్చే ఆదాయమే అని ఈ కథ చూపుతుంది. యాచనలో నేరం లేదు. అందుకు మూల్యం మనిషి తన వైకల్యాన్ని సరుకుగా చూపవలసి రావడం.

కాళీపట్నం రామారావు ‘జీవధార’లో సంపన్నుని ఆవరణలో ఉన్న నీటికోసం పేదవాడ స్త్రీలు నిలబడతారు. ‘చావు’లో శవదహనానికి కట్టెలు లేని దళితవాడ ఉంది. నీరు, కట్టె - రెండూ ఒకచోట సమృద్ధిగా ఉండి, పక్కనే లేకుండా పోయినవి. ఈ కథలలో ప్రశ్న ఒంటరి పిల్లది కాదు, సమూహానిది. గవిరి ఒంటరిగా దెబ్బలు తిన్న చోట, కారా పాత్రలు గుంపుగా నిలబడతాయి. పరిశీలిస్తే దయ, వెసులుబాటు, హక్కు అనే క్రమం చాసో నుంచి కారా వరకు జరిగిన కథాపరిణామంలో కనిపిస్తుంది.

శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి ఈ క్రమానికి కోర్టు కోణం చేర్చాడు. ‘ఆరు సారా కథలు’ మద్యనిషేధ చట్టం గురించినవి. ఆహారచౌర్యంతో వాటికి నేరుగా సంబంధం లేదు. అయినా ఒక చట్టం పేదల బతుకుతెరువును నేరంగా ప్రకటిస్తే, ఆ నేరం మీద పోలీసు, ప్లీడరు, సాక్షి అందరూ ఎట్లా బతుకుతారో ఆ కథలు చూపిన తరువాత, కొత్త నేరాన్ని నిర్వచించేముందు చట్టకర్త జాగ్రత్తపడక తప్పదు. తొట్టెలో చెయ్యి పెట్టడాన్ని నేరం చేస్తే ఆకలి తగ్గదు. మామూళ్ళు పుట్టుకొస్తాయి.

ఎంగిలి ప్రశ్న

ఇంతవరకు సాగిన వాదనకు ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పారవేసిన తిండిని ఏరుకోవడం నేరం కాదని వాదించడం, పేదలకు ఎంగిలిని శాశ్వతం చేయడం కాదా? 1927లో మహాడ్ సభలో అంబేడ్కర్ తన ప్రజలను పారవేసిన మెతుకులు, చచ్చిన పశువుల మాంసం తినడం మానుకొమ్మని కోరాడు. మెతుకుల కోసం మనిషితనాన్ని వదులుకోవద్దన్నది ఆ పిలుపు. పెళ్ళివిందుల వెనుక విస్తరాకుల దగ్గర కాచుకొన్న మనుషులను చూసిన సమాజంలో ఈ హెచ్చరికను తేలికగా తీసుకోవడానికి వీలులేదు. ఉంఛవృత్తిని కీర్తించిన సంప్రదాయమే ఎంగిలి తినేవాడిని అంటరానివాడుగా చూసిందన్నది కూడా మరువరానిది. స్వచ్ఛందంగా ఏరుకునేవాడికి దక్కిన గౌరవం, గత్యంతరం లేక ఏరుకునేవారికి ఎన్నడూ దక్కలేదు.

ఈ చిక్కును శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ మరొక వైపునుంచి చూస్తుంది. చెట్టుకింద జబ్బుచేసి పడివున్న ముసలి బిచ్చగత్తె మరణిస్తే పాపమెవరిదని గాలి అడిగి వెళ్ళిపోతుంది. కుక్క పట్టించుకోదు, తొండ తొలగిపోతుంది. చివరికి ఎగిరివచ్చిన ఎంగిలాకు ఆ పాపం తనది కాదంటుంది. పారవేసిన విస్తరి కూడా నేరాన్ని నిరాకరించిన తరువాత, మిగిలేది పారవేసిన చేయి. ‘దొంగ ఎవరు?’ అన్న ప్రశ్న స్థానంలో ‘పాపమెవరిది?’ అన్న ప్రశ్నను నిలపడమే ఈ గేయం సాధించిన మార్పు. ఏరుకున్నవారిపై ఉన్న అభియోగం ఇక్కడ పారవేసినవారివైపు తిరిగింది.

అంబేడ్కర్ పిలుపుకూ, గవిరి పక్షాన నిలబడటానికీ మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లోతైనది కాదు. నేరం కాకపోవడం వేరు, హక్కు కావడం వేరు. ఏరుకున్నవారిని దండించరాదన్నది చట్టానికి వర్తించే కనీస నియమం. ఏరుకోవలసిన స్థితి ఉండరాదన్నది సమాజానికి వర్తించే ఆదర్శం. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఈ రెండవదానివైపు వేసిన అడుగు. మిగులు ఆహారాన్ని సురక్షితంగా సేకరించి పంచడానికి 2019లో వచ్చిన ఆహార భద్రతా ప్రమాణాల నిబంధనలు తొట్టెకు చేరకముందే తిండిని మనిషికి చేర్చే మార్గం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులు. అందులో చిల్లర దుకాణాల వాటా 13 కోట్ల టన్నుల పైచిలుకు. ఇంత పారబోత ముందు ఒక మనిషి సంచిలో పడిన రొట్టెను నేరంగా లెక్కించడం, చెట్టంత కొమ్మలుండగా ఆకును లెక్కించిన కామందు లెక్కను గుర్తుచేస్తుంది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, పరిగె, ఉంఛం, ఎంగిలి, దొంగతనం అనే నాలుగు మాటలు ఒకే క్రియకు వేర్వేరు స్థానాలనుంచి పెట్టిన పేర్లు. కనుక నేరభావన క్రియకు సహజగుణం కాదు. రెండు, వదిలివేసిన వస్తువుపై యాజమాన్యం పేదవాడి చేయి తగిలినప్పుడే మేల్కొంటుందని ‘కుంకుడాకు’ చూపింది. దుకాణం తొట్టెకు తాళం వేసే న్యాయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తున్నది. మూడు, ఏరుకోవడాన్ని నేరంగా చూడరాదన్న వాదన, ఎంగిలిని పేదల వాటాగా ఒప్పుకోవడానికి దారితీయకూడదు. మొదటిదాన్ని చాసో నుంచి, రెండవదాన్ని అంబేడ్కర్ నుంచి గ్రహించవలసి ఉంటుంది.

‘కుంకుడాకు’ను ఇంతవరకు ఎక్కువగా బాల్యకథగా, వర్గకథగా చదవడం జరిగింది. దాన్ని న్యాయశాస్త్ర కథగా కూడా చదవవలసిన అవసరం ఉంది. విశ్వామిత్రుని వాదాన్ని ఆపద్ధర్మంగా నమోదు చేసిన సాహిత్య సంప్రదాయంలో, గవిరికి దక్కని వాదాన్ని నమోదు చేసింది విజయనగరంలో పుట్టిన ఈ చిన్న కథ.